నీలం తెర చరిత్ర: మన కంప్యూటర్లను పడగొడుతున్నది ఎవరు?

ఈసారి పోస్టు పొడుగ్గానే ఉంటది. ఒక్క బిగిన కాకపోతే రెండు మూడు సార్లుగా అయినా చదువుండ్రి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల నుంచి మన గ్రూపుకు వచ్చే మెసేజ్‌లల్ల ఒకటి మళ్లీ మళ్లీ కనబడుతున్నది. హాస్టల్ ల్యాబ్‌ల కంప్యూటరో, ఎవరో వాడి ఇచ్చిన పాత ల్యాప్‌టాపో మంచిగ నడుస్తూ నడుస్తూ నీలం తెర చూపించి ఆగిపోతది. 'సిస్టం ఖరాబైంది, ఫార్మాట్ కొట్టాలె' అని ఎవరో ఒకరు అంటరు. ఫార్మాట్ కొట్టిస్తే పైసలు పోతయి, లోపల దాచుకున్న నోట్సు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు పోతయి. ల్యాబ్‌ల అయితే ఇంకో అన్యాయం. ఆ కంప్యూటర్ మీద గుడ్డ కప్పి మూలకు పెడ్తరు. ఇద్దరు కూర్చునే కాడ ముగ్గురు కూర్చుంటరు. మేము చూసినంతల అట్ల మూలకు పడ్డవాటిల్ల చాలావాటికి యంత్రం మంచిగనే ఉన్నది. చెడింది డ్రైవర్.

ఇది మా ఒక్కళ్ల అనుభవం కాదు. ముప్పై ఏండ్ల చరిత్ర ఉన్నది దీనికి. మన హైదరాబాద్ విమానాశ్రయం దాకా వచ్చిన చరిత్ర. అది తెలిస్తే, ముందు ముందు నీలం తెర చూసినప్పుడు భయం కాకుండా ఏం చెయ్యాల్నో తెలుస్తది అని ఇదంతా రాస్తున్నం.

ముందుగాల డ్రైవర్ అంటే ఏందో చూద్దాం. ఆ మాట వినంగనే ఆటో డ్రైవర్ యాదికొస్తడు గానీ ఇక్కడ ఆ పోలిక పనికిరాదు. దుబాసీ అనుకోండ్రి. గోర్ బోలి తప్ప ఇంకో భాష రాని అవ్వను జిల్లా దవాఖానకు తీస్కపోతే డాక్టరుకు, అవ్వకు నడుమ మనమే నిలబడి మాట మార్చి చెప్తం. కోయ భాష మాట్లాడే ఇండ్లల్ల కూడా ఇదే కథ. కంప్యూటర్ల గూడ అంతే. ప్రింటర్‌ది ఒక భాష, వైఫై చిప్పుది ఒక భాష, గ్రాఫిక్స్ కార్డుది ఒక భాష. విండోస్‌కు గానీ లినక్స్‌కు గానీ అవన్నీ రావు. ఆ సామాను తయారు చేసిన కంపెనీ తన భాష తెలిసిన దుబాసీని సాఫ్ట్‌వేర్ రూపంల పంపుతది. అదే డివైస్ డ్రైవర్. కడుపుల నొప్పిని దుబాసీ ఛాతీల నొప్పి అని చెప్తే డాక్టర్ వేరే మందు రాస్తడు. తప్పు డాక్టర్‌ది కాదు, అవ్వది అంతకన్నా కాదు.

సరే, ఒక దుబాసీ తప్పు చెప్తే ఒక మందు తప్పు కావాలె. మొత్తం దవాఖాన ఎందుకు మూతపడాలె?

దీనికి జవాబు ప్రాసెసర్ల ఉన్నది. 1985లో ఇంటెల్ తెచ్చిన 386 ప్రాసెసర్‌లో సాఫ్ట్‌వేర్‌కు నాలుగు వలయాల అధికారం పెట్టారు. విండోస్, లినక్స్ వాటిల్ల రెండే వాడుకుంటయి. బయటి వలయం మూడోది. మనం వాడే బ్రౌజర్, వర్డ్, వీడియో ప్లేయర్ అన్నీ అక్కడ ఉంటయి. అవి తప్పు చేస్తే వాటిని బయటికి తోసేస్తరు, మిగతా పని నడుస్తది. లోపలి వలయం సున్నా. దాన్నే కెర్నల్ అంటం. అక్కడ ఉన్నదానికి మెమరీ అంతా తెరిచే ఉంటది, పైన అడిగేటోడు ఎవడూ ఉండడు. డ్రైవర్లు నేరుగా యంత్రంతోని మాట్లాడాలె కాబట్టి చాలావాటికి ఆ లోపలి గదిల చోటిచ్చారు. అక్కడ కూర్చున్న డ్రైవర్ తనది కాని మెమరీని ముట్టుకుంటే, ఏది చెడిందో ఏది మంచిగున్నదో తేల్చేటందుకు ఇంక ఎవరూ మిగలరు. అట్లనే నడిపిస్తే డిస్క్ మీద తప్పుడు రాతలు పడి ఫైళ్లు పాడైపోవచ్చు. అందుకని విండోస్ తనంతట తానే బండి ఆపేసి, ఎందుకు ఆపిందో ఒక కోడ్ రాసి చూపిస్తది. నీలం తెర అంటే అదే. మన డేటాను కాపాడేటందుకు పెట్టిన ఏర్పాటును మనం చావు డప్పు అనుకుంటున్నం.

ఆ నీలం రంగు ఎందుకొచ్చిందో చిన్న ముచ్చట. 1993లో విడుదలైన విండోస్ ఎన్‌టీని డేవ్ కట్లర్ నాయకత్వంలో తయారు చేశారు. ఆ తెరను రాసిన ఇంజనీరు జాన్ వెర్ట్. ఆయన పని చేసే యంత్రం మీదా, కోడ్ రాసే ఎడిటర్‌లో కూడా నీలం మీద తెల్ల అక్షరాలు ఉండేవట. అదే రంగు దీనికీ పెట్టాడు. అంతకు మించి పెద్ద రహస్యం ఏమీ లేదు.

1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చింది. సామాను తగిలిస్తే చాలు, కంప్యూటర్ దానంతట అదే గుర్తుపట్టి నడిపిస్తదని గొప్పగా ప్రచారం చేశారు. ప్లగ్ అండ్ ప్లే అన్నరు. ఆచరణల ఎంత తిప్పలు పెట్టిందో 1998 ఏప్రిల్ 20న లోకమంతా చూసింది. చికాగోలో కామ్‌డెక్స్ అనే ప్రదర్శన. ఇంకా మార్కెట్లోకి రాని విండోస్ 98ని వేదిక మీద చూపిస్తున్నారు. బిల్ గేట్స్ పక్కనే నిలబడ్డాడు. ఆయన సహచరుడు క్రిస్ కపొసెల్లా ఒక స్కానర్ తీసి కంప్యూటర్‌కు తగిలించాడు. తెర నీలమైపోయింది. హాలంతా నవ్వులు, చప్పట్లు. గేట్స్ కూడా నవ్వి, అందుకే ఇంకా అమ్మడం మొదలుపెట్టలేదని జోక్ చేసి బయటపడ్డాడు.

ఈ సంగతి మీకు ఎక్కడో చూసినట్టు అనిపిస్తలేదా? స్కాలర్‌షిప్ దరఖాస్తుకు వేలిముద్ర వెయ్యడానికి సెంటర్‌కు పోతం. అటెన్షన్ లెక్క లైన్ల నిలబడ్తం. ఆపరేటర్ అన్న వేలిముద్రల యంత్రాన్ని ఒక పోర్టు నుంచి తీసి ఇంకో పోర్టుకు పెట్టంగనే తెర నీలం. 'సర్వర్ డౌన్, రేపు రాండ్రి' అంటడు. తండా నుంచి బస్సు కిరాయి పెట్టుకొని వచ్చినోళ్లకు రేపు రావుడు అంటే ఒక రోజు కూలి పోవుడే. సర్వర్ ఎక్కడో హైదరాబాద్‌ల మంచిగనే ఉంటది. చికాగో వేదిక మీద జరిగిందే ఇక్కడ జరిగింది. గేట్స్ నవ్వించి తప్పించుకున్నడు, మన దగ్గర చివరి తేదీ దాటిపోతది.

ఇదే కాలంలో ఇంకో నిర్ణయం జరిగింది. మా లెక్కల దానికి రావాల్సినంత పేరు రాలేదు. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0 విడుదల చేసినప్పుడు, అప్పటిదాకా బయటి వలయంలో ఉన్న గ్రాఫిక్స్ భాగాన్ని, దాని డ్రైవర్లతో సహా కెర్నల్ లోపలికి తెచ్చారు. కారణం వేగం. లోపలి గదికి, బయటి గదికి నడుమ మాటమాటకు తిరిగే పని తగ్గుతది, బొమ్మలు తొందరగా కదులుతయి. అప్పటి కంప్యూటర్లు నెమ్మది కాబట్టి వాళ్లు చేసింది తప్పని ఒక్క మాటల అనలేం. కానీ అన్నిటికంటే పెద్దగా, తిక్కతిక్కగా ఉండే డ్రైవర్ గ్రాఫిక్స్‌దే. దానికే లోపలి గది తాళం ఇచ్చినట్టయింది. ఆ తర్వాత పదేండ్లు దాని ఫలితం లోకం మొత్తం అనుభవించింది.

విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చింది. ప్రోగ్రాం పడిపోయినప్పుడల్లా 'మైక్రోసాఫ్ట్‌కు రిపోర్టు పంపమంటరా' అని అడిగే పెట్టె మీకు యాదుండే ఉంటది. మనలో ఎక్కువ మంది 'వద్దు' నొక్కినోళ్లమే. నొక్కనోళ్ల రిపోర్టులతోని ఒక పెద్ద లెక్క తేలింది. వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన మైకేల్ స్విఫ్ట్, బ్రయాన్ బెర్షాడ్, హెన్రీ లెవీ 2003లో రాసిన పరిశోధనా పత్రంలో ఉదహరించిన దాని ప్రకారం, ఎక్స్‌పీలో నమోదైన సిస్టం పతనాల్లో 85 శాతానికి కారణం డ్రైవర్లే. లినక్స్ వాళ్లు కూడా సంబరపడాల్సింది ఏం లేదు. అంతకు రెండేండ్ల ముందు స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లినక్స్ కోడ్‌ను జల్లెడ పడితే, కెర్నల్‌లోని మిగతా భాగాల కంటే డ్రైవర్లలో తప్పుల రేటు మూడు నుంచి ఏడు రెట్ల దాకా ఎక్కువని తేలింది.

ఎందుకట్ల? డ్రైవర్ రాసేది కెర్నల్ రాసినోళ్లు కాదు. ప్రింటర్ కంపెనీల ప్రింటర్ తెలిసినోళ్లు రాస్తరు. వాళ్లకు తమ యంత్రం తెలుసు గానీ లోపలి గది కట్టుబాట్లు పూర్తిగా తెలియవు. అర్జెంటుగా సామాను మార్కెట్లకు పోవాలె. పైగా లోకంల ఉన్న అన్ని రకాల కంప్యూటర్లతో పరీక్షించుడు ఎవరి వల్లా కాదు. రెండు పనులు ఒక్కసారి వచ్చినప్పుడు మాత్రమే బయటపడే తప్పులు ఉంటయి, అవి వెయ్యి సార్ల పరీక్షల ఒక్కసారి కూడా కనబడకపోవచ్చు.

పరీక్షించి పట్టలేని తప్పును లెక్క కట్టి పట్టొచ్చా అని ఇద్దరు ఆలోచించారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి. 2000 ప్రాంతంలో స్లామ్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. డ్రైవర్‌ను నడిపించకుండానే, దాని కోడ్‌లో నడవగల దారులన్నీ గణితంతో వెతికి, 'తాళం వేసిన తర్వాతే మళ్లీ తీయాలె' లాంటి నియమాలు ఎక్కడ తప్పుతున్నాయో చూపించే పద్ధతి అది. దాని నుంచే స్టాటిక్ డ్రైవర్ వెరిఫయర్ అనే పనిముట్టు పుట్టి డ్రైవర్లు రాసే కంపెనీలన్నిటికీ అందింది. ఆ పనికి ఇద్దరికీ 2011లో కంప్యూటర్ ఎయిడెడ్ వెరిఫికేషన్ సదస్సు అవార్డు వచ్చింది. రాజమణి తర్వాత బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాకు వచ్చి దానికి నాయకత్వం వహించారు. ఎంసెట్ ర్యాంకు చూసుకొని 'మ్యాథ్స్ ఎందుకు పనికొస్తది' అని అడిగే తమ్ముళ్ల కోసమే ఈ పేరా రాసినం.

2007లో విస్టా వచ్చింది. విస్టా అంటేనే జనం తిట్టుకుంటరు గానీ, చరిత్ర చూస్తే దానికి సగం తిట్లు అన్యాయంగ పడ్డయి. 1996లో లోపలికి తెచ్చిన గ్రాఫిక్స్ డ్రైవర్‌లో పెద్ద భాగాన్ని విస్టా మళ్లీ బయటి వలయానికి పంపింది. ఆ మార్పుకు తగ్గట్టు కంపెనీలన్నీ డ్రైవర్లు కొత్తగా రాయాల్సి వచ్చింది, తొందరల రాశాయి. తర్వాత అమెరికాలో నడిచిన ఒక కోర్టు కేసులో మైక్రోసాఫ్ట్ లోపలి కాగితాలు బయటికొచ్చాయి. 2007లో నమోదైన విస్టా పతనాల్లో 28.8 శాతం ఒక్క ఎన్విడియా డ్రైవర్ల ఖాతాలో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ సొంత తప్పులు దానికన్నా తక్కువ. తిట్లు మాత్రం విస్టాకే. డ్రైవర్లు కుదుటపడ్డంక అదే పునాది మీద వచ్చిన విండోస్ 7ను అందరూ మెచ్చుకున్నరు. ఇప్పుడు తెర ఒక్కసారి నల్లగై మళ్లీ వచ్చి, డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి కోలుకున్నదని మూలకు ఒక మెసేజ్ వస్తది చూడండ్రి, అది విస్టా పుణ్యమే. అంతకు ముందైతే ఆ చోట నీలం తెరే వచ్చేది.

64 బిట్ విస్టా ఇంకో నియమం పెట్టింది. డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ను కెర్నల్‌లోకి రానియ్యదు. ఇది ఎవరు రాశారో చెప్తది, మధ్యలో ఎవరూ మార్చలేదని చెప్తది. లోపల రాసింది సరిగ్గా ఉన్నదని మాత్రం చెప్పదు. రేషన్ కార్డు మీద సంతకం ఉన్నంత మాత్రాన లోపల పేర్లు సరిగ్గా ఉన్నయని కాదు కదా.

ఇక్కడ ఆగి పేదోళ్ల సామాను గురించి ఒక మాట చెప్పాలె. 2014 అక్టోబర్‌లో ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ కొత్త డ్రైవర్ విడుదల చేసింది. యూఎస్‌బీ కేబుళ్లలో, ప్రయోగాల బోర్డుల్లో వాడే చిన్న చిప్పు వాళ్లది. దానికి నకిలీలు మార్కెట్లో మస్తు ఉన్నాయి. ఆ కొత్త డ్రైవర్ నకిలీ చిప్పు కనబడితే దాని గుర్తింపు నంబర్‌ను సున్నా చేసేసేది. ఆ తర్వాత ఏ కంప్యూటర్‌కు పెట్టినా అది గుర్తుపట్టకుండా పోయేది. పైగా అది విండోస్ అప్‌డేట్ ద్వారా, ఎవరూ అడగకుండానే వచ్చింది. గొడవ కాంగనే వెనక్కి తీసుకున్నారు. నకిలీ తయారు చేసినోడిది తప్పే, కాదనం. కానీ శిక్ష పడింది వాడికా? నకిలీదని తెలియకుండా తక్కువ ధరకు దొరికిందని కొన్న విద్యార్థికి. బీటెక్ ప్రాజెక్టు కోసం మనోళ్లు కొనేది అట్లాంటి బోర్డులే. ఇది పొరపాటు కూడా కాదు, కావాలని రాసిన డ్రైవర్. అందుకే దీన్ని వేరేగా యాదుంచుకున్నం.

డ్రైవర్ గురించిన కోపం నుంచి ఒక ఉద్యమం కూడా పుట్టింది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ల్యాబ్‌కు జిరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం ఇరుక్కునేది. పాత ప్రింటర్‌కైతే రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్, కాగితం ఇరుక్కోగానే అందరికీ కబురు పోయేటట్టు కోడ్ మార్చి పెట్టాడు. కొత్తదానికి ఆ కోడ్ ఇవ్వలేదు. కోడ్ ఉన్న ఒకాయన దగ్గరికి పోయి అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పందం రాసిచ్చానని తిప్పి పంపాడు. ఆ మంట నుంచే 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటన వచ్చింది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ తెచ్చాడు. మన తెలుగు నేల మీద స్వేచ్ఛ అనే సంస్థ ఆ బాటలనే తెలుగు ఆపరేటింగ్ సిస్టం తయారు చేసింది. డ్రైవర్ పాడైనప్పుడు లినక్స్ మనకు ఇంకో విధంగ కూడా పనికొస్తది, అది కిందికి చెప్తం.

ఇక 2024 జూలై 19. శుక్రవారం. మన టైం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలు. అమెరికాలోని క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఖాతాదారుల కంప్యూటర్లకు ఒక చిన్న ఫైలు పంపింది. దాని పేరు చానల్ ఫైల్ 291. ఈ కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా డ్రైవర్ రూపంలనే కెర్నల్ లోపల కూర్చుంటది, వైరస్‌ను లోపలి నుంచే కనిపెట్టాలె కాబట్టి. వచ్చిన ఫైలు ప్రకారం 21 విలువలు చూడాలె. చదివే కోడ్ దగ్గర ఉన్నవి 20. లేని ఇరవై ఒకటో దాన్ని చదవబోయి డ్రైవర్ తనది కాని మెమరీలోకి పోయింది. నీలం తెర. మళ్లీ ఆన్ చేస్తే, కంప్యూటర్ లేచే దశలోనే ఆ డ్రైవర్ మళ్లీ లేస్తది, మళ్లీ అదే ఫైలు చదువుతది, మళ్లీ నీలం.

10 గంటల 57 నిమిషాలకు ఫైలు సరిచేశారు. 78 నిమిషాలు. కానీ అప్పటికే పడిపోయిన కంప్యూటర్లకు సరిచేసిన ఫైలు అందే దారి లేదు, అవి లేస్తేనే కదా అందేది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం పడిపోయినవి 85 లక్షలు. లోకంలోని విండోస్ యంత్రాల్లో అది ఒక్క శాతం కన్నా తక్కువ. కానీ ఆ ఒక్క శాతం విమానాశ్రయాల్లో, బ్యాంకుల్లో, దవాఖానల్లో ఉన్నది. డెల్టా అనే ఒక్క అమెరికా విమాన కంపెనీయే సుమారు 7,000 విమానాలు రద్దు చేసుకున్నది. మన శంషాబాద్‌లో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు, ఆ ఫొటో లోకమంతా తిరిగింది. మన దేశ ప్రభుత్వ ఎన్ఐసీ నెట్‌వర్క్ మీద దెబ్బ పడలేదని కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ ప్రకటించారు. ఆ సాఫ్ట్‌వేర్ ఖరీదుకు కొనేది పెద్ద పెద్ద కంపెనీలు. కొత్తగూడలో, పలిమెలలో ఒక చిన్న సెంటర్ నడుపుకునే అన్నకు అది ఉండే అవకాశమే తక్కువ. జీవితంల ఒక్కసారి పేదరికం కాపాడింది అనుకోవాలె.

అంత పెద్ద విపత్తును సరిచేసిన పద్ధతి ఏందో తెలుసా? మనిషి ఒక్కో కంప్యూటర్ దగ్గరికి పోయి, సేఫ్ మోడ్‌ల తెరిచి, సిస్టం 32 లోపల డ్రైవర్స్ ఫోల్డర్‌ల ఆ 291 ఫైలును డిలీట్ చేసి, మళ్లీ ఆన్ చేసుడు. అంతే. న్యూయార్క్‌ల పెద్ద ఇంజనీర్లు చేసింది మన ల్యాబ్‌ల ఇంటర్ చదివే చెల్లె చేయగల పనే.

ఇగ అదెట్లనో చెప్తం. నీలం తెర రాంగనే కంగారుపడి బటన్ నొక్కొద్దు. ముందు ఫోన్‌తో ఫొటో తీయండ్రి. అడుగున ఉండే స్టాప్ కోడ్ ముఖ్యం. డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అని ఉంటే ఎక్కువసార్లు నెట్‌వర్క్ లాంటి డ్రైవర్ తప్పు. వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అంటే గ్రాఫిక్స్‌ది. పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అనేది 2024 జూలై నాడు లోకమంతా చూసిన కోడ్. కోడ్ కింద చుక్క తర్వాత ఎస్, వై, ఎస్ అక్షరాలతో ముగిసే ఫైలు పేరు ఉంటే దొంగ సగం దొరికినట్టే.

తర్వాత మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగాలె: ఇది పడిపోయే ముందు ఏం మారింది? కొత్త ప్రింటర్ పెట్టినమా, అప్‌డేట్ వచ్చిందా, ఎవడన్న దోస్తు పెన్‌డ్రైవ్‌ల డ్రైవర్ ప్యాక్ తెచ్చి వేసిండా? గంగారం, గూడూరు దిక్కు నెట్ సరిగ రాదు, వందల ఎంబీల డ్రైవర్ దించుకోలేక ఇట్ల ప్యాక్‌లు చేతులు మారుతుంటయి. మా మాట గట్టిగనే చెప్తున్నం, వాటిని వాడొద్దు. ఏ మోడల్‌దో తెలియని డ్రైవర్, ఒక్కోసారి వైరస్ గూడ అండ్లనే వస్తది. సంతకం తనిఖీని ఆపేసి మరీ వెయ్యమని చెప్పే వీడియోలు ఉంటయి, అవి అసలే చూడొద్దు. ల్యాప్‌టాప్ వెనుక స్టిక్కర్ మీద మోడల్ పేరు చూసి, తయారు చేసిన కంపెనీ సైట్ నుంచి ఒక్కసారి టౌన్‌ల దించుకొని పెన్‌డ్రైవ్‌ల దాచుకుంటే గ్రూపు మొత్తానికి పనికొస్తది.

సిస్టం లేస్తున్నదంటే డివైస్ మేనేజర్ తెరవండ్రి. అనుమానం ఉన్న పరికరం మీద ప్రాపర్టీస్, అండ్ల డ్రైవర్ అనే భాగం. రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కితే పాతది వస్తది. ఆ బటన్ మసకగ ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా తీసెయ్యమనే గడికి టిక్ పెట్టి, మళ్లీ స్టార్ట్ చెయ్యాలె.

లేస్తలేదంటే, విండోస్ గుర్తు కనబడంగనే పవర్ బటన్ పట్టి ఆపుండ్రి, ఇట్ల రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ తెర దానంతట అదే వస్తది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపైన 4 నొక్కితే సేఫ్ మోడ్. సేఫ్ మోడ్‌ల తప్పనిసరి డ్రైవర్లు మాత్రమే లేస్తయి. అక్కడ గంట సేపు మంచిగ నడిచి, మామూలుగ తెరిస్తేనే పడిపోతున్నదంటే నేరం డ్రైవర్ మీదనో, కొత్తగ వేసిన సాఫ్ట్‌వేర్ మీదనో పడ్డట్టే. ఒక జాగ్రత్త. కొత్త ల్యాప్‌టాప్‌లల్ల బిట్‌లాకర్ తాళం ఉంటది, ఈ దారిల 48 అంకెల రికవరీ కీ అడుగుతది. క్రౌడ్‌స్ట్రైక్ నాడు చాలా కంపెనీలు ఆ కీ ఎక్కడ పెట్టినయో దొరకక రోజులు పోగొట్టుకున్నయి. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాల అది ఉంటది, ఇయ్యాల్నే చూసి ఒక నోట్‌బుక్‌ల రాసుకోండ్రి. ల్యాబ్ కంప్యూటర్ అయితే ఇన్‌చార్జి సార్‌కో మేడమ్‌కో చెప్పకుండా చెయ్యొద్దు.

ఎవరు చేసిన్రో తెలుస్తలేదంటే సీ డ్రైవ్‌ల విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే ఫోల్డర్ చూడండ్రి. పడిపోయిన ప్రతిసారీ ఒక చిన్న ఫైలు అక్కడ పడుతది. పంచనామా కాగితం అనుకోండ్రి. బ్లూస్క్రీన్‌వ్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంతోని తెరిస్తే డ్రైవర్ పేరు కనబడుతది. నాలుగైదు పంచనామాలల్ల ఒకటే పేరు ఉంటే దొంగ వాడే. ప్రతిసారీ వేరే వేరే పేరు వస్తుంటే మాత్రం డ్రైవర్‌ను అనుమానించొద్దు, ర్యామ్ చెడిపోయి ఉండొచ్చు. ర్యామ్ తీసి, దాని కాళ్లను మెత్తటి రబ్బరుతో తుడిచి పెడితే బాగైనవి మేము చూసినం. విండోస్ 2000 నుంచి డ్రైవర్ వెరిఫయర్ అనే పోలీసు కూడా లోపలే ఉన్నడు, కానీ వాడు అనుమానం రాంగనే సిస్టంను పడగొట్టి చూపిస్తడు, కొత్తోళ్లు ముట్టుకోకపోవుడే మంచిది.

లినక్స్ ఉపయోగం ఇక్కడ చెప్తమన్నం కదా. ఏదన్న లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి, హార్డ్ డిస్క్ ముట్టకుండ పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్‌ను నడిపించండ్రి. అట్ల ఒక పూట మంచిగ నడిస్తే చాలావరకు యంత్రం బాగున్నట్టే లెక్క, తప్పు విండోస్ డ్రైవర్ల దగ్గర వెతకాలె. 'ఖరాబైంది' అని గుడ్డ కప్పిన కంప్యూటర్ గురించి సార్‌తోని వాదించేటందుకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం లేదు. మన ఫైళ్లు కూడా అండ్ల నుంచే కాపీ చేసి కాపాడుకోవచ్చు.

2024 తర్వాత చరిత్ర మళ్లీ 1996 ప్రశ్న దగ్గరికే వచ్చింది, లోపలి గదిల ఎవరిని ఉండనియ్యాలె అని. 2024 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ భద్రతా కంపెనీలన్నిటినీ పిలిచి మాట్లాడింది. వైరస్‌ను పట్టే సాఫ్ట్‌వేర్‌ను కెర్నల్ బయటికి తెచ్చే పని 2025లో ఆ కంపెనీలతో కలిసి మొదలుపెట్టింది. ఆ కంపెనీకి సీఈవో హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల, ఆ కంపెనీ హైదరాబాద్ కేంద్రం 1998 నుంచి నడుస్తున్నది. ఈ మార్పు రాసేటోళ్లల్ల మన జిల్లాల బిడ్డలు ఎంతమంది ఉంటరో అనిపిస్తది.

మనకు దగ్గరి సమస్య వేరే ఉన్నది. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మన హాస్టళ్లల్ల, ఇండ్లల్ల ఉన్న పాత యంత్రాలల్ల చాలావాటిని విండోస్ 11 అధికారికంగ ఒప్పుకోదు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైనో కావాలంటది. బలవంతంగ ఎక్కిస్తే పాత సామానుకు కొత్త డ్రైవర్లు దొరకవు, నీలం తెరలు పెరుగుతయి. అట్లాంటివాటికి లినక్స్ ఎక్కించుడే మేలని మా అభిప్రాయం.

నీలం తెరలు అన్నం గానీ, విండోస్ 11ల 2025 నుంచి అది నల్ల తెర అయ్యింది. ఏడుపు ముఖం బొమ్మ తీసేసిన్రు. స్టాప్ కోడ్ కింద, తప్పు చేసిన డ్రైవర్ ఏదో తెలిస్తే దాని పేరు రాసి చూపిస్తున్నది. మీకు వస్తే ఫొటో తీసి, మోడల్ పేరు, ముందు రోజు ఏం మార్చిన్రో రాసి గ్రూపుల పెట్టుండ్రి. తెలిసినోళ్లు జవాబు చెప్తరు.